జానెడు పోగు

ఆ ఊరి పేరు కొత్తపేట. ఎప్పుడు కట్టారో చెప్పగల మనిషి మాత్రం ఆ చుట్టుపక్కల ఒక్కడూ లేడు. తాతల తాతలు పుట్టేనాటికే అది పాత ఊరు. ఖానాపూర్‌లో బస్సు దిగి చాయ్ తాగుతూ ఈ మాట విన్న తోమాసు, గ్లాసులో చాయ్ ఒలికేలా నవ్వాడు.

"ఇంత పాత ఊరికి ఆ పేరు పెట్టుకున్నారంటేనే తెలుస్తోంది అక్కడి జనం తెలివి," అన్నాడు.

చాయ్ పోసేవాడు నవ్వలేదు. "గాడ మీకేం పని సారు?" అని అడిగాడు.

"సర్కారు పని. పాత ఇళ్ళు చూసి, కొలిచి, నక్షా గీసుకుపోవాలి. బాగున్నవాటిని కాపాడతారు."

"గా ఇండ్లను ఒకలు కాపాడే అక్కర లేదు సారు," అన్నాడు అతను గ్లాసు అందుకుంటూ. తోమాసు ఆ మాట చెవిన పెట్టలేదు. చాయ్ కొట్టువాడు చెప్పింది వినే రకం కాదు ఆయన.

ఎవరు చెప్పింది వినే రకమని అడిగితే చెప్పడం కష్టమే. తోమాసు కరీంనగర్‌లో ఒక చిన్న ఆఫీసులో నక్షాలు గీసే ఉద్యోగి. ముప్పై ఏళ్ళవాడు. మిషన్ బడిలో చదువుకున్నాడు. చేతి గీత తిన్నగా ఉండేది, నిజం చెప్పాలి, ఆ జిల్లాలో అంత తిన్నని గీత గీసేవాడు మరొకడు లేడు. ఆ గర్వం నెత్తికెక్కి కూర్చుంది. బస్సులో పక్కవాడి బీడీ అంటే చులకన, వాడి తలపాగా అంటే చులకన, చివరికి వాడు టికెట్టు పట్టుకునే తీరన్నా చులకనే. పెద్దవాళ్ళ ముందు వంగి "బాంచెన్, నీ కాల్మొక్త" అనే ముసలివాళ్ళను చూస్తే ఒళ్ళు మండేది. రెండేళ్ళ కింద రాష్ట్రం ఆంధ్రప్రదేశ్ అయ్యాక, కొత్తగా వచ్చిన పై అధికారుల మాటతీరు పట్టుకుని, పల్లెల జనంతో ఆ ఆఫీసు తెలుగే మాట్లాడేవాడు. ఇంట్లో మాత్రం ఆ వేషాలు సాగవు. అత్త సత్తవ్వ ఎదుట అట్లా మాట్లాడితే ఆమె పడీ పడీ నవ్వేది.

లోకంలో ఆయన చులకన చెయ్యని మనిషి ఒక్కతే ఉంది. భార్య రిబ్కమ్మ. పెళ్ళయి ఆరేళ్ళు, రెండుసార్లు కడుపు పోయింది. ఇది మూడోది. నెలలు నిండాయి. బయలుదేరేటప్పుడు ఆమె ఆయన చొక్కా కొస పట్టుకుని, "శనివారం దీపాలు వెట్టే యాళ్ళకు నువ్వు ఇంట్ల ఉండాలె. నువ్వు లేకుంటె నాకు భయమైతది," అంది. ఉంటానన్నాడు. ఆ ఒక్క మాట నిలబెట్టుకోవాలన్న తొందర తప్ప, ఈ ప్రయాణంలో ఇంకే సంగతీ ఆయన మనసుకు ఎక్కలేదు.

ఎద్దుబండి మీద గురువారం పొద్దుగూకే ముందు ఊరు చేరాడు. కూలిన గోడలు, ఒరిగిన స్తంభాలు, గబ్బిలాలు ఉంటాయనుకుని వచ్చినవాడికి ఊరు చూడగానే కోపం వచ్చింది. ఒక్క గోడకు పగులు లేదు. ఒక్క పెంకు జారలేదు. వీధికి అటూ ఇటూ చెక్కడపు దర్వాజలు, నల్లటి టేకు స్తంభాలు, పసుపు, ఎరుపు లక్క రంగులు వేసిన పైకమ్ములు, అన్నీ నిన్ననే ముగించి వడ్లవాడు చేతులు కడుక్కున్నట్టున్నాయి. చెద లేదు. తేమ లేదు. ఇంత బాగున్నాయంటే వీళ్ళు కొత్తగా కట్టుకుని పాతవని సర్కారును మోసం చేస్తున్నారని తోమాసుకు గట్టి అనుమానం. స్తంభాన్ని గోటితో గీకి చూశాడు. పాతదే.

ఇంకో సంగతి ఆ మర్నాడు పొద్దున గమనించాడు. అరవై ఇళ్ళ ఊరు. నేతపని వాళ్ళది. పదకొండు ఇళ్ళకు తాళాలున్నాయి. తాళాలున్న ఆ ఇళ్ళ ముందరే వాకిలి బాగా ఊడ్చి, అలికి, ముగ్గు వేసి ఉంది.

అలాంటి తాళం ఇల్లు ఒకటి అన్నింటికన్నా పెద్దది. నడుమ ఆకాశం కనిపించే భవంతి. దాని అరుగు మీద డెబ్బై ఏళ్ళ ముసలమ్మ చీపురు పక్కన పెట్టుకుని కూర్చుంది. పేరు ఐలవ్వ. నడుముకు తాళంచెవి వేలాడుతోంది.

"ఇంటి యజమాని ఎవరు?" అని అడిగాడు తోమాసు.

"సిద్దిరాములు సావుకారి."

"పిలువు."

"సచ్చిపోయి నలభై ఏండ్లయింది సారు."

"మరి ఇల్లు ఎవరిది?"

"ఆయిందే," అంది ఐలవ్వ. ఇంత చిన్న సంగతి తెలియదా అన్నట్టు ఆయన్ని ఎగాదిగా చూసింది.

ఆమె చెప్పిన ప్రకారం ఆ ఊళ్ళో ఇల్లు కట్టే పద్ధతి ఇది. దర్వాజ నిలబెట్టే రోజు ఇంటాయన్ను కట్టెకు ఆనుకుని నిలుచోమంటారు. ఆయన ఇంట్లో నేసిన నూలులోంచి ఒక పోగు తీసి, మడమ నుంచి నడినెత్తి దాకా కొలిచి తెంపుతారు. దాన్ని కొలపోగు అంటారు. దర్వాజ కట్టెకు చిన్న రంధ్రం పెట్టి, పోగును చుట్ట చుట్టి అందులో దాచి, లక్కతో మూస్తారు. ఆనాటి నుంచి ఇంటిని ఆయన చూసుకుంటాడు, ఆయన్ని ఇల్లు చూసుకుంటుంది. ఆయన పోయిన రోజున పోగు బయటికి తీసి పాడె మీద పెట్టి పంపేస్తారు. కొడుకుదో బిడ్డదో కొలత తీసి ఆ చోట పెడతారు.

"సావుకారికి పిల్లలు లేరు సారు. ఆయిన పోగు తియ్యాల్నంటె దాని జాగల పెట్టనీకె ఇంకోలది ఉండాలె గద. లేదు. అందుకే ఉన్నడు."

తోమాసు నవ్వాడు. "అందుకే గోడలకు పగుళ్ళు లేవంటావ్!"

"ఇంట్ల మనిషి ఉన్నంక ఇల్లెట్ల కూలుతది?"

ఆయన నోటుబుక్కులో 'అజ్ఞానం' అని రాసుకుని కింద గీత గీశాడు. తిన్నని గీతే. ఐలవ్వ తాళం తీసి పక్కకు జరిగింది. లోపల అడుగు పెట్టలేదు.

"కొలుసుకో, గీసుకో. గా కొలపోగు ముట్టకు సారు. ఇంకొకటి. లోపల ఎవలన్న ఏమన్న అడిగితె జవాబియ్యకు."

"పట్టపగలే వస్తారా మీ దయ్యాలు? రాత్రి దాకా ఓపిక పట్టలేవా?"

"ఇంట్ల ఉన్నోనికి పగలేంది, రాత్రేంది సారు," అని ఐలవ్వ చీపురు తీసుకుని పక్క తాళం ఇంటి వాకిలి ఊడవడానికి పోయింది.

తోమాసుకు ఒక పని అలవాటు ఉంది. ఏ కట్టడం కొలిచినా మొదట దర్వాజకు వీపు ఆనించి నిలబడి, నెత్తి మీద పెన్సిల్ అడ్డంగా పెట్టి ఒక గీత గీసేవాడు. పక్కన 'తో' అని రాసేవాడు. ఆయన సరిగ్గా అయిదడుగుల ఆరంగుళాలు. తర్వాత ఎవరు ఫొటో తీసినా ఆ గీతను బట్టి మిగతా కొలతలన్నీ లెక్క కట్టుకోవచ్చు. సావుకారి దర్వాజ మీద కూడా అట్లాగే గీశాడు. గీసి ఇటు తిరిగితే రొమ్ము ఎత్తున, నాణెమంత ఎర్రటి లక్క బిళ్ళ కనిపించింది.

ముట్టాలన్న కోరిక ఆయనకు లేదు. ముట్టాలన్న అవసరం మాత్రం వచ్చింది. రాత్రి చావిడిలో పడుకున్నప్పుడు ఎలుకలు సంచిలో దూరి తాళ్ళన్నీ కొరికేశాయి. గోడ నిటారుగా ఉందో లేదో చూసే ఇత్తడి గుండు ఉంది, దానికి దారం లేదు. నక్షాల చుట్ట కట్టుకునే తాడూ లేదు. ఇంకో దారం కోసం ఆ ముసలమ్మను అడగాలా? చాకు తీసి లక్క బిళ్ళను పెకలించాడు. లోపల వేలు పెట్టి లాగితే పోగు వచ్చింది.

తెల్లగా ఉంది. నలభై ఏళ్ళు కట్టెలో ఉన్న నూలు పసుపు రంగు తేలాలి, చివికిపోవాలి. ఇది గంజి వాసనతో, కాస్త బిరుసుగా, మగ్గం మీంచి ఇప్పుడే తీసినట్టుంది. జానలు వేసి కొలిచాడు. ఏడు. "పొట్టివాడే పాపం," అనుకున్నాడు. చాకుతో ఒక జానెడు కోసి నక్షాల చుట్టకు ముడి వేశాడు. మిగిలినదాని కొసకు గుండు కట్టుకుని, చుట్టను చంకలో పెట్టుకుని లోపలికి నడిచాడు.

ముంగిలి, నడిమి వసారా కొలిచేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. చివరికి మిగిలింది వెనక అర్ర. దానికి కిటికీ లేదు. మార్చి నెల ఎండలోంచి ఆ గదిలో అడుగు పెడితే చల్లదనం పాదాల నుంచి పైకి పాకింది. టార్చిలైటు వేశాడు. నేల మీద దుమ్ము లేదు. మూలన మగ్గం గుంత ఉంది. నేసేవాడు కాళ్ళు దించి కూర్చునే గొయ్యి. మగ్గం ఎప్పుడో తీసేసినట్టున్నారు. గుంత మిగిలింది. టార్చి వెలుగు దాని అంచు దాకా పోయి ఆగింది, అడుగు కనిపించలేదు. గదిలో గంజి వాసన వేస్తోంది. పోగుకున్న ఆరిన గంజి వాసన కాదు, కుండలో ఇప్పుడే వార్చిన వేడి గంజి వాసన.

గోడలో ఒక మేకు ఉంటే దానికి పోగు తగిలించి గుండు వదిలాడు. గుండు రెండుసార్లు ఊగింది. ఆగింది.

నిటారుగా ఆగలేదు.

బెత్తెడు పక్కకు ఒరిగి, గాలిలో అట్లాగే నిలబడింది. తోమాసు చెయ్యి అడ్డం పెట్టి చూశాడు. గాలి లేదు. మేకు వంకర అయి ఉంటుందనుకుని ఎదుటి గోడ దగ్గరికి పోయి చేత్తో పట్టుకుని గుండు వేలాడదీశాడు. ఇప్పుడు ఇటు ఒరిగింది. మొదటి గోడ దగ్గర ఎడమకు ఒరిగింది, ఇక్కడ కుడికి. రెండుసార్లూ మగ్గం గుంత వైపే.

"నేల పల్లంగా ఉంది," అన్నాడు పైకి. నేల పల్లానికీ గుండుకూ సంబంధం లేదని ఆయనకన్నా బాగా తెలిసినవాడు లేడు.

టార్చి వెలుగు ఎర్రబడింది. బ్యాటరీలు బుధవారం కొన్నవి. వెలుగు ఇంకా చిన్నదై, ఆయన చేతి దగ్గరికి వచ్చి, ఆరిపోయింది. వెనక్కి తిరిగాడు. వచ్చిన తలుపు సందున పగటి వెలుగు కనిపించాలి. కనిపించలేదు. తలుపు వేసిన చప్పుడు మాత్రం ఆయన వినలేదు.

చేతిలో పోగు బిగిసింది.

గుండు బరువు కాదు అది. అవతలి కొస ఎవరో పట్టుకున్నారు. తోమాసు లాగాడు. అవతల కూడా లాగారు... మెల్లగా, తొందర లేకుండా. పోగు ఆయన వేళ్ళ మధ్య నుంచి జారిపోయింది. నేల మీద ఇత్తడి గుండు పడ్డ చప్పుడు రాలేదు.

తర్వాత గుంత దగ్గర నుంచి చిన్న అలికిడి. ఎండిన చేతి కింద నూలు జరిగే చప్పుడు. దాంతో పాటు ఒక గొంతు. గుసగుస కన్నా తక్కువ.

"ఒకటి... రెండు... మూడు..."

తోమాసు కదల్లేదు.

"నాలుగు... అయిదు... ఆరు..."

ఆగింది.

"జానెడు తక్కువ."

పరుగెత్తాలనుకున్నాడు. మడమకు ఏదో తగిలింది. చల్లగా. బొటనవేలు... తర్వాత చిటికెనవేలు. ఒక చెయ్యి ఆయన కాలి మీద జాన వేస్తోంది. పిక్క మీద ఒకటి. మోకాలి వెనక ఒకటి. తొడ. నడుము. చొక్కా మీంచి వెన్ను మీద. మెడ మీద. చివరికి బొటనవేలు నడినెత్తి మీద ఆగి, కొంచెం నొక్కింది.

"నువ్వు గాదు," అంది గొంతు చెవి పక్కనే. గంజి వాసన ముఖం మీద వేడిగా కొట్టింది. "నీ పెరుగుడు అయిపోయింది. నువ్వు నాకెందుకు?"

నెత్తి మీద వేలు తియ్యలేదు.

"నీకెవలున్నరు?"

ఐలవ్వ చెప్పిన మాట ఆయనకు గుర్తుంది. పళ్ళు బిగబట్టాడు. వేలు ఇంకొంచెం నొక్కింది. మోకాళ్ళు వంగాయి. కరీంనగర్ ఆఫీసు లేదు, మిషన్ బడి లేదు, ఆ తెచ్చిపెట్టుకున్న తెలుగూ లేదు. పుట్టిననాటి మాట నోట్లోంచి తన్నుకొచ్చింది.

"బాంచెన్... నీ కాల్మొక్త... ఒదిలిపెట్టు నన్ను. నా పెండ్లాం నిండు చూలాలు. ఇయ్యాలనో రేపో కంటది. నేను పోవాలె..."

వేలు లేచింది.

"పో," అంది గొంతు. సంతోషంగా అంది. అదే తోమాసు తర్వాత ఎన్నడూ మరిచిపోలేకపోయింది.

తలుపు సందున ఎండ తెల్లగా మెరిసింది. ఎట్లా దాటాడో, ముంగిలిలో ఎన్నిసార్లు పడ్డాడో తెలియదు. పెద్ద దర్వాజ దగ్గర కట్టెను పట్టుకుని ఆగినప్పుడు అరచేతికి ఏదో వెచ్చగా తగిలింది. తను పెకలించిన రంధ్రం. కొత్త లక్కతో మూసి ఉంది. ఇంకా ఆరలేదు.

ఐలవ్వ వాకిట్లో నిలబడి ఉంది. ఆయన ముఖం చూసి చీపురు కింద పెట్టింది.

"ఏమన్న అడిగిండా?"

"ఎవరూ అడగలేదు. లోపల ఎలుకలున్నాయి."

"కొలపోగు ముట్టినవా బిడ్డా?"

సారు పోయి బిడ్డ అయ్యాడు. ఆ పిలుపులో జాలి ఉంది, ఆ జాలే తోమాసుకు గుచ్చుకుంది. ఊడ్చుకుని బతికే మనిషి తన మీద జాలి పడటమా!

"ముట్టలేదు."

"ముట్టకుంటె మంచిదే. ముట్టినా ఫికర్ లేదు. పోగు ఆడనే పెట్టి, తప్పయిందని గడపకు మొక్కితె ఆయిన ఊకుంటడు. చెప్పకుంట తీస్కపోతెనే... మాతోని ఏం గాదు."

చంకలో నక్షాల చుట్ట ఉంది. దాని మీద జానెడు పోగు ఉంది. ముడి ఆయన పక్కటెముకలకు తగులుతోంది. నోరు విప్పితే చాలు. ఒక్క మాట, ఒక్కసారి వంగడం. లోపల చీకట్లో కాల్మొక్కిన మనిషి, బయట ఎండలో ఒక ముసలమ్మ చూస్తుండగా నడుము వంచలేకపోయాడు. "ముట్టలేదని చెప్పాగా," అని గద్దించి బండివాడి కోసం పోయాడు.

సగం దారికే భయం తగ్గింది. మర్నాడు ఖానాపూర్‌లో బస్సెక్కి, మనుషుల చెమట, బీడీల పొగ, కోళ్ళ గంపల మధ్య ఇరుక్కున్నాక మొత్తం పోయింది. ఎండ దెబ్బ అనుకున్నాడు. ఖాళీ కడుపు అనుకున్నాడు. మధ్యలో గోదావరి వంతెన దాటుతుంటే పోగు విప్పి నీళ్ళలో పారేద్దామని చెయ్యి ముడి మీదికి పోయింది కూడా. పక్కన కూర్చున్న పల్లెటూరివాడు ఒకడు నదికి దండం పెట్టి ఏదో గొణుక్కుంటున్నాడు. వాడిని చూసి తోమాసు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. నేనూ వీడూ ఒకటేనా?

శనివారం దీపాలు పెట్టే వేళకు ఇంటి ముందున్నాడు. మాట నిలబెట్టుకున్నాడు. లోపలి నుంచి రిబ్కమ్మ మూలుగు వినిపించింది. సత్తవ్వ తలుపు లోంచి తల బయట పెట్టింది. ఆమె మిషన్ ఆసుపత్రిలో ఆయాగా చేసిన మనిషి, ఆ వాడలో సగం మంది పిల్లలు ఆమె చేతుల మీదుగా పుట్టినవాళ్ళే.

"ఒచ్చినవా అల్లుడా! నొప్పులు జల్ది ఒచ్చినయి. ఆసుపత్రికి కొంచవోయే టైం లేదు. బాయికి పోయి నీళ్ళు తే, ఉరుకు!"

సంచీ, నక్షాల చుట్ట బయటి మంచం మీద పడేసి బిందెలు తీసుకుని ఉరికాడు. రెండో బిందె తెస్తుంటే పసిపిల్ల ఏడుపు వినిపించింది. బిందె వాకిట్లో దించి అక్కడే నిలబడి తోమాసు ఏడ్చాడు. సిగ్గు పడకుండా ఏడ్చాడు. ఆయన జన్మలో అంత సంతోషం ముందూ లేదు, తర్వాతా లేదు.

"బిడ్డ!" అని లోపలి నుంచి కేకేసింది సత్తవ్వ. "మూరెడు పిల్ల. తల్లి మంచిగున్నది. రా, చూడు."

లోపలికి పోబోతూ మంచం వంక చూశాడు. నక్షాల కాగితాలు విచ్చుకుని పరుచుకుని ఉన్నాయి.

"దీని మీది దారమేది?" అన్నాడు.

"పెట్టెల దారం దొరకలే అల్లుడా. నీ కాయితాలకు కట్టింది తెల్లగ మంచిగ కనవడ్డది. ఉడుకునీళ్ళల్ల ఏసి పిల్ల బొడ్డుకు గదే కట్టిన."

"విప్పు!"

"ఏంది?"

"విప్పు అత్తా! విప్పు, జల్ది!"

"పిచ్చి లేసిందా? ఇప్పుడు విప్పితె నెత్తురు వోయి సస్తది!" అని సత్తవ్వ పిల్లను రొమ్ముకు అదుముకుంది. రిబ్కమ్మ అలిసిపోయిన కళ్ళతో మొగుణ్ణి చూస్తోంది. దీపం వెలుగులో పసిగుడ్డు బొడ్డు దగ్గర ఆ పోగు రెండు చుట్లు తిరిగి, గట్టి ముడితో తెల్లగా మెరిసింది. గదిలో గంజి వాసన. ఆ ఇంట్లో ఆ పూట ఎవరూ పొయ్యి మీద గంజి పెట్టలేదు.

పిల్లకు రూతు అని పేరు పెట్టారు. ఎనిమిదో రోజున బొడ్డు ఊడింది. పాతిపెడదామని సత్తవ్వ బట్టలన్నీ దులిపింది. అదీ దొరకలేదు, దానికి కట్టిన పోగూ దొరకలేదు.

ఏడాది గడిచింది. పిల్లకు దగ్గు కూడా రాలేదు. వాడలో అందరి పిల్లలకూ తట్టు పోస్తే రూతుకు మాత్రం పొయ్యలేదు. కింద పడితే దెబ్బ తగిలేది కాదు. "దేవుడు కాపాడుతుండు," అనేది రిబ్కమ్మ. తోమాసు తలూపేవాడు. ఆ మాట వింటే కొత్తపేట గోడలు గుర్తొచ్చేవి.

ఆ ఎండాకాలం, పై ఆఫీసు నుంచి ఒక మనిషి పోయి కొత్తపేట ఇళ్ళకు ఫొటోలు తీసుకొచ్చాడు. సావుకారి దర్వాజ ఫొటో తోమాసు బల్ల మీదికి వచ్చింది. పైన తన పెన్సిల్ గీత, పక్కన 'తో'. దాని కింద... తను గియ్యని గీతలు. ఒకదాని మీద ఒకటి, ఏడు. అన్నీ తిన్నగా ఉన్నాయి, తన గీత కన్నా తిన్నగా.

స్కేలు తీసుకుని లెక్క కట్టాడు. అట్టడుగు గీత సరిగ్గా మూరెడు. రెండోది రెండడుగుల నాలుగంగుళాలు. ఆ సాయంత్రం ఇంటికి పోయి, అప్పుడప్పుడే నిలబడుతున్న రూతును గోడకు ఆనించి కొలిచాడు. రెండడుగుల నాలుగంగుళాలు. తక్కిన అయిదు గీతల ఎత్తుకు పిల్ల ఇంకా పెరగాల్సి ఉంది. అన్నింటికన్నా పైది మూడడుగుల ఏడంగుళాలు. దాని పైన తన గీత దాకా కట్టె ఖాళీగా ఉంది.

మర్నాడే కొత్తపేటకు పోయాడు. ఐలవ్వ పోయిన చలికాలంలో చనిపోయిందట. ఆమె కోడలు చీపురు పట్టుకుని అరుగు మీద కూర్చుని ఉంది. ఊరంతా చూస్తుండగా తోమాసు గడపకు నొసలు ఆనించి మొక్కాడు. తప్పయిందని ఏడ్చాడు. ముక్కు నేలకు రాశాడు.

"పోగు తెచ్చినవా?" అని అడిగింది కోడలు.

లేదన్నాడు. ఆమె ముఖం తిప్పుకుంది. "మరి ఇంకేం పెడతవ్ ఆడ?" అంది. చులకనగా అంది. తోమాసు తలెత్తి ఆమె వంక చూడలేకపోయాడు.

అక్కడి నుంచి ప్రతి మార్చి నెలలో, పుట్టినరోజున, వేడుకలా నవ్వుతూ రూతును గోడకు నిలబెట్టి కొలిచేవాడు. ప్రతి ఏడూ ఒక గీత. ఒక్క నూలువాసి అటూ ఇటూ తప్పేది కాదు. రిబ్కమ్మకు ఏమీ చెప్పలేదు. ఏమని చెబుతాడు? అయిదో పుట్టినరోజున పిల్ల మూడడుగుల అయిదంగుళాలు తేలింది. అది ఆరో గీత. చివరి గీతకు ఇంకా రెండంగుళాలే. ఆ సాయంత్రం టేపు తీసుకుపోయి బావిలో పారేశాడు. ఇక కొలవనని ఒట్టు పెట్టుకున్నాడు.

మొన్న వానలు పడ్డప్పుడు, మధ్యాహ్నం భోంచేసి కూర్చున్నాడు. రిబ్కమ్మ పక్కింటికి పోయింది. రూతు దర్వాజకు వీపు ఆనించి, మడమలు కలిపి, తల నిటారుగా పెట్టి కదలకుండా నిలబడి ఉంది. ఎవరో నేర్పినట్టు.

"గాడ ఏం చేస్తున్నవ్ బిడ్డా?" అన్నాడు.

"నువ్వు ఇప్పుడు నన్ను కొలుస్తలేవు గద బాపూ."

"కొలువొద్దు. ఇటు రా."

పిల్ల రాలేదు. నెత్తి మీద ఏదో ఆనినట్టు మెడ కొంచెం కిందికి దించి, నవ్వింది. తడిసిన మట్టి వాసనలోంచి వేడి గంజి వాసన వచ్చింది.

"నువ్వు కొలువకున్నా మంచిదే," అంది రూతు. "తాత రోజూ కొలుస్తుండు. ఇంక గింతనే ఉన్నదన్నడు."

చెయ్యి చాపి, తండ్రికి రెండు వేళ్ళు దగ్గరగా కలిపి చూపించింది.